తక్కువ ధర కటానా: పరిశీలన, తొలి వేటు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటూ జపాన్ కత్తి విద్య క్లాసులకు వెళ్తున్న మనవాళ్లు, మొదటి కత్తి కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. రెండు మూడు వందల డాలర్లలో దొరికే కార్బన్ స్టీలు కటానాల గురించే ఇక్కడ మాట్లాడుతున్నాను. ఈ ధరలో బ్లేడు స్టీలు చాలావరకు బాగానే ఉంటుంది. తేడా వచ్చేది పిడి దగ్గర. ప్రమాదాలు జరిగేదీ అక్కడే. అందుకే తడి చాప (వేటు సాధన కోసం చుట్టి నానబెట్టిన గడ్డి చాప) మీద వేటు వేయడానికి ముందు బల్ల మీద చేయాల్సిన పనికే ఈ పేజీలో ఎక్కువ చోటు ఇచ్చాను.

ఈ ధరకు దొరికేది అసలైన జపాన్ కత్తేనా?

కాదు. జపాన్‌లో కత్తి చేయాలంటే లైసెన్స్ ఉన్న కమ్మరి అయి ఉండాలి. దానికి ముందు గురువు దగ్గర కనీసం 5 ఏళ్లు పని నేర్చుకోవాలి. లైసెన్స్ వచ్చాక కూడా నెలకు 2 పొడవు కత్తులకు మించి చేయకూడదు. వాడే ఉక్కు తమహగనే. షిమానే ప్రాంతంలోని ఒకుఇజుమోలో 1977లో మళ్లీ వెలిగించిన తతారా కొలిమి నుంచి అది వస్తుంది. అలా చేసిన కత్తి ధర మన రూపాయల్లో లక్షల్లో ఉంటుంది.

మనం కొనేవి ఎక్కువగా చైనాలో తయారవుతాయి. జెజియాంగ్ ప్రాంతంలోని లోంగ్‌చ్వాన్ పట్టణం కత్తులకు శతాబ్దాలుగా పేరున్న ఊరు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో అమ్ముడయ్యే కటానాల్లో చాలా భాగం అక్కడివే. ఉత్తరాన దాలియన్‌లోని హాన్వెయ్ కంపెనీ కూడా ఈ ధరల్లో వేటుకు పనికొచ్చే కత్తులు చేసి పేరు తెచ్చుకుంది. ఇవి జపాన్ ఆకారంలో చేసిన పనిముట్లు. వాటిని పనిముట్లుగానే చూడాలి, నిక్కచ్చిగా పరీక్షించాలి.

ఏ స్టీలు తీసుకోవాలి? 1045, 1060, 1095, 9260, టీ10 అని రాస్తున్నారు. తేడా ఏమిటి?

10తో మొదలయ్యే నంబర్లలో చివరి రెండు అంకెలు కార్బన్ శాతం చెబుతాయి. 1045 అంటే సుమారు 0.45 శాతం, 1060 అంటే 0.60, 1095 అంటే 0.95. కార్బన్ పెరిగేకొద్దీ అంచు గట్టిపడుతుంది, పదును ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ తప్పు వేటు పడినప్పుడు అంచు పెళుసుగా లేచిపోయే అవకాశమూ పెరుగుతుంది. 9260లో కార్బన్ 0.60 చుట్టూనే ఉంటుంది, దానికి తోడు సుమారు 2 శాతం సిలికాన్ ఉంటుంది. అది స్ప్రింగుల స్టీలు. వంగినా మళ్లీ తన రూపానికి వస్తుంది.

మొదటి కత్తి అయితే నేను 1060 గానీ 9260 గానీ తీసుకోమంటాను. బ్లేడు మొత్తం ఒకే గట్టితనంతో ఉండేలా చేసింది చూడండి. తొలి నెలల్లో మన వేట్లు వంకరగా పడతాయి, వాటిని తట్టుకునేది కావాలి.

టీ10 గురించి ఒక మాట. అందులో టంగ్‌స్టన్ ఉందని, అందుకే అంత గట్టిగా ఉంటుందని అమ్మకందార్లు రాస్తుంటారు. చైనా ప్రమాణాల్లో టీ10 అంటే సుమారు 1 శాతం కార్బన్ ఉన్న మామూలు టూల్ స్టీలు. మంచి స్టీలే. దాని గొప్ప కార్బన్‌ది, టంగ్‌స్టన్‌ది కాదు.

స్టెయిన్‌లెస్ స్టీలు కటానా గోడకు తగిలించుకోవడానికి మాత్రమే. దానితో గాలిలో ఊపడం కూడా వద్దు. చాలావాటిలో పిడి లోపల సన్నటి కడ్డీ ఒకటి వెల్డింగ్ చేసి ఉంటుంది. అది విరిగితే బ్లేడు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. క్లాసులో తీసి దూయడం నేర్చుకోవడానికి వాడే 'ఇయైతో' అనే సాధన కత్తి కూడా వేటుకు పనికిరాదు. అది జింక్, అల్యూమినియం కలిపి పోత పోసిన లోహం.

మడతలు పెట్టిన స్టీలు, దమస్కస్ స్టీలు అంటే ఇంకా బలమా?

జపాన్‌లో ఉక్కును మడిచి కొట్టడానికి బలమైన కారణం ఉంది. కొలిమి నుంచి వచ్చే తమహగనేలో కార్బన్ ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ ఉంటుంది, మధ్యలో మలినాలూ ఉంటాయి. మడిచి కొట్టే కొద్దీ అవి బయటికి పోయి ఉక్కు అంతా ఒక తీరుకు వస్తుంది. ఈ రోజు ఫ్యాక్టరీలో చేసే 1060 మొదటి నుంచీ ఒక తీరుగానే ఉంటుంది. దాన్ని మళ్లీ మడిస్తే వచ్చేది అందమైన గీతలు, వాటితో పాటు పొరల మధ్య అతుకు సరిగా పడలేదేమో అన్న టెన్షన్. '1000 మడతలు' అన్న ప్రకటన చూస్తే ఆ పేజీ మూసేయండి. 10 సార్లు మడిస్తేనే 1024 పొరలు అవుతాయి.

దమస్కస్ అన్న పేరు వింటే మన తెలంగాణ గుర్తుకు రావాలి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. ఆ ఉక్కు మీద కనిపించే అలల గీతలు అది నెమ్మదిగా చల్లారేటప్పుడు లోపల ఏర్పడే కార్బైడ్ వరసల వల్ల వచ్చేవి. ఇప్పుడు దమస్కస్ కటానా అని అమ్మేవాటి మీద గీతలు రెండు రకాల స్టీలు పొరలు వేసి, యాసిడ్‌తో పైకి తేల్చినవి. రెంటికీ సంబంధం లేదు.

అంచు వెంట కనిపించే తెల్లటి అల అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

ఆ అలను హమోన్ అంటారు. బ్లేడు వెన్ను మీద మందంగా, అంచు వైపు పల్చగా మట్టి పూసి, కాల్చి, నీటిలో ముంచితే అంచు త్వరగా చల్లారి గట్టిపడుతుంది. వెన్ను నెమ్మదిగా చల్లారి మెత్తగా ఉండిపోతుంది. లోహం గట్టితనం చెప్పే రాక్‌వెల్ కొలతలో అంచు 60 దగ్గర, వెన్ను 40 దగ్గర ఉంటాయి. ఆ రెంటి సరిహద్దే హమోన్.

ఒకే బల్బు ఉన్న చీకటి గదిలో బ్లేడును మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ చూడండి. అసలు హమోన్ ఒక కోణంలో మెరుస్తుంది, ఇంకో కోణంలో దాదాపు మాయమవుతుంది. సరిహద్దులో సన్నటి మంచు పట్టినట్టు చుక్కలు కనిపిస్తాయి. యాసిడ్‌తోనో వైరు బ్రష్‌తోనో వేసిన అల ఏ కోణంలో చూసినా ఒకే తెలుపులో ఉంటుంది, బ్లేడు రెండు వైపులా ఒకే డిజైను మళ్లీ మళ్లీ వస్తుంది. బ్లేడంతా ఒకే గట్టితనం ఉన్న కత్తి మీద కనిపించే అల అలంకారమే. అలంకారం ఉన్నంత మాత్రాన కత్తి చెడ్డది కాదు. దాన్ని అసలుదని చెప్పి అమ్మితే ఆ దుకాణం చెప్పే మిగతా మాటలూ అనుమానించాలి.

పార్సెల్ రాగానే మొదట ఏం చూడాలి?

తొందరపడి దూయకండి. ముందు ఒరతో సహా ఎడమ చేత్తో పట్టుకోండి. ఒర నోటి దగ్గర బొటనవేలితో త్సుబాను నెడితే కత్తి చిన్న పట్టు వదిలి బయటికి రావాలి. త్సుబా అంటే పిడికీ బ్లేడుకీ మధ్య ఉండే బిళ్ల. ఇప్పుడు మెత్తటి పరుపు మీద మోకాళ్ల మీద కూర్చుని, పిడి కిందికి వచ్చేలా ఒరను కొద్దిగా వంచండి. కత్తి దానంతట అది జారకూడదు. జారితే హబాకి, అంటే బ్లేడు మొదట్లో ఉండే ఇత్తడి పట్టీ, ఒర నోటికి వదులుగా ఉందని అర్థం. పల్చని చెక్క పొర ఒర నోటి లోపల అతికిస్తే అది సరిపోతుంది.

దూసేటప్పుడు ఒర చుట్టూ వేళ్లు బిగించకండి. అంచు ఉన్న వైపు వేళ్లు ఉండకూడదు. సరిగా దూయకపోతే ఒర చెక్కను చీల్చుకుని అంచు బయటికి రాగలదు. ఒరను పక్కల నుంచి పట్టుకుని, బ్లేడు బరువు వెన్ను మీద ఆనేలా దూయాలి. కత్తిని ఒరలో పెట్టేటప్పుడు తెగేది ఎడమ చేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చర్మం. ఆ చోటు మీద ఎప్పుడూ ఒక కన్ను ఉంచండి.

తర్వాత బ్లేడు తిన్నగా ఉందా చూడాలి. పిడి కంటి దగ్గర పెట్టుకుని, వెన్ను వెంట మొన వైపు చూపు నడపండి. పక్కకు ఒంపు గానీ మెలిక గానీ ఉంటే ఇట్టే తెలిసిపోతుంది. ఇప్పుడు అంచు పైకి పెట్టి, లైటు మీ వెనక ఉండేలా నిలబడి చూడండి. పదునైన అంచు కంటికి కనిపించదు. ఎక్కడైనా తెల్లటి చుక్క, గీత మెరిస్తే అక్కడ పదును లేదు, లేదా చిన్న పెచ్చు లేచింది. ఆ చోటును గుర్తుపెట్టుకోండి, తర్వాత చాప మీద కూడా అదే బయటపడుతుంది.

బరువు, బ్యాలెన్స్ కూడా రాసి పెట్టుకోండి. 70 నుంచి 73 సెంటీమీటర్ల బ్లేడు ఉన్న కత్తి ఒర లేకుండా సుమారు 1 నుంచి 1.3 కిలోల మధ్య ఉంటుంది. త్సుబా నుంచి 12 నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర వేలి మీద నిలిస్తే చేతికి హాయిగా ఉంటుంది. ఇంకా ముందుకు పోతే మొన బరువనిపిస్తుంది, కొత్తవాళ్ల మణికట్టు త్వరగా అలసిపోతుంది.

పిడి విప్పి చూడటం అవసరమా? కొత్త కత్తిని పాడు చేసినట్టు అవదా?

అవసరం. ఈ పేజీలో ఒక్క ప్రశ్నకే సమాధానం చదువుతానంటే ఇది చదవండి.

కటానా బ్లేడు కింద భాగం పిడి చెక్క లోపలికి వెళ్తుంది. దాన్ని నకాగో అంటారు. దాన్ని పట్టి ఉంచేది పెన్సిలంత లావున్న వెదురు చీల, మెకుగి. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి రెండు ఉంటాయి. కిలో బరువున్న కత్తి పూర్తి వేగంతో తిరుగుతున్నప్పుడు బయటికి లాగే బలమంతా ఆ చీల మీద, దాని చుట్టూ ఉన్న చెక్క మీద పడుతుంది. చీల విరిగితే బ్లేడు ఈటెలా ముందుకు దూసుకుపోతుంది.

విప్పే ముందు పైనుంచి చూడాల్సినవి ఉన్నాయి. పిడి చుట్టిన తాడు మీద డైమండ్ ఆకారాల మధ్య బొటనవేలితో గట్టిగా తోయండి. తాడు పక్కకు జరిగితే చుట్టడం వదులు. త్సుబాను పట్టుకుని కదపండి, టకటకమంటే దానికి రెండు వైపులా ఉన్న రేకులు పల్చగా ఉన్నాయి. కత్తిని నిటారుగా పట్టుకుని, పిడి పట్టిన చేతి మణికట్టు మీద రెండో చేతి పిడికిలితో తట్టండి. లోపల ఏదైనా కదిలితే ఆ చప్పుడు చేతికే తెలుస్తుంది.

ఇప్పుడు మెకుగి తీయాలి. దానికి ఒక వైపు సన్నగా, ఒక వైపు లావుగా ఉంటుంది. సన్న వైపు నుంచి చిన్న ఇత్తడి సుత్తితో తట్టాలి. సులువుగా వేలితోనే ఊడివస్తే అది వదులు. తీశాక కత్తిని నిటారుగా పట్టుకుని మణికట్టు మీద తడితే బ్లేడు కొద్దికొద్దిగా పైకి లేస్తుంది. అప్పుడు త్సుబా, రేకులు, హబాకి ఏ వరసలో వస్తే ఆ వరసలో గుడ్డ మీద పెట్టుకోండి. ఎన్ని తట్టినా కదలకపోతే లోపల జిగురు పోసి ఉండొచ్చు. వేటు కోసం అలాంటిది నేను వాడను. లోపల చెక్క చీలిందో లేదో చూసే దారి ఉండదు కదా.

బయటికి వచ్చాక నకాగో పొడవు కొలవండి. పిడి పొడవులో మూడింట రెండు వంతులైనా ఉండాలి, ఎక్కువ ఉంటే ఇంకా మంచిది. అది బ్లేడుతో ఒకే ముక్కగా ఉండాలి, ఎక్కడా వెల్డింగ్ గీత కనిపించకూడదు. పిడి చెక్క నోట్లోకి టార్చి వేసి చూడండి. చీల రంధ్రం దగ్గర, త్సుబా వైపు నోటి దగ్గర సన్నటి బీట కనిపిస్తే ఆ పిడితో వేటు వేయకూడదు. చెక్కకీ నకాగోకీ మధ్య సందు ఎక్కువగా ఉంటే పల్చని చెక్క పొరలు పెట్టి బిగించాలి. మెకుగి ప్లాస్టిక్‌దో మెత్తటి చెక్కదో అయితే ఎండిన ముదురు వెదురుతో కొత్తది చెక్కించుకోండి. వెదురు తడి నారలా వంగుతుంది గానీ పుటుక్కున తెగదు. అందుకే వందల ఏళ్లుగా అదే వాడుతున్నారు.

జపాన్‌లో ఎడో యుగంలో (1603–1868) కత్తులను పరీక్షించడం ఒక వృత్తి. యమదా అసఎమోన్ అన్న పేరు తరతరాలుగా పెట్టుకున్న కుటుంబం అందులో ప్రసిద్ధి. మరణశిక్ష పడినవాళ్ల శవాల మీద కత్తి పరీక్షించి, ఫలితాన్ని నకాగో మీద బంగారు అక్షరాలతో చెక్కించేవారు. ఆ పద్ధతి గురించి చదవడమే కష్టంగా ఉంటుంది. కానీ అందులో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. పరీక్షకు వాళ్లు కత్తి మామూలు పిడిని వాడేవారు కాదు. దాన్ని తీసేసి, ఇనుప పట్టీలతో బిగించిన బలమైన ప్రత్యేక పిడి తొడిగేవారు. బ్లేడు మీద అంత నమ్మకం ఉన్నవాళ్లే పిడి విషయంలో ఆ జాగ్రత్త తీసుకున్నారు.

బ్లేడు మీద గాడి ఉన్నది మంచిదా, లేనిది మంచిదా?

గాడి ఉంటే కత్తి తేలిక, ఊపితే గాలి కోసే చప్పుడు గట్టిగా వినిపిస్తుంది. సాధనకు ఆ చప్పుడు ఉపయోగం. కానీ తప్పు వేటు పడితే గాడి ఉన్న బ్లేడు త్వరగా వంగుతుంది. వేటు కోసమే కొంటుంటే గాడి లేనిది తీసుకోండి.

పదును చూడటానికి కాగితం కోస్తే చాలా?

మొదటి మెట్టుగా చాలు. న్యూస్‌పేపర్‌ను పై అంచు పట్టి వేలాడదీసి, బ్లేడు మొదటి నుంచి మొన వరకు మెల్లగా జారుస్తూ కోయండి. ఎక్కడ కాగితం చిరిగితే అక్కడ పదును తక్కువ. మొన నుంచి కిందికి సుమారు 10 నుంచి 20 సెంటీమీటర్ల మధ్య భాగం ముఖ్యం. వేటు పడేది అక్కడే.

కాగితం చెప్పనిది ఇంకొకటి ఉంది: అంచు వెనక మందం. రెండు పక్కలూ కొద్దిగా ఉబ్బుగా ఉంటే అంచుకు బలం. మరీ చదునుగా ఉంటే చాపలను వెన్నలా కోస్తుంది, వెదురు మీద దెబ్బ తింటుంది. తక్కువ ధర కత్తుల్లో అంచు దగ్గర చిన్న రెండో వాలు కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో బెల్టు మీద పదును పెట్టినప్పుడు పడింది అది. పని జరుగుతుంది. కూరగాయల కత్తి సానపెట్టే పనిముట్లలో మాత్రం కటానాను దూర్చకండి, ఆకారమే పోతుంది. నీటి రాళ్ల మీద పదును పెట్టడం తెలిసినవాళ్లకి ఇవ్వండి.

దేని మీద వేటు వేయాలి? దేని మీద వేయకూడదు?

మొదట నీళ్లు నింపిన పల్చటి ప్లాస్టిక్ సీసాలు. వేటు తిన్నగా పడితే పై సగం ఎగిరిపోయి, కింది సగం నీళ్లతో అలాగే నిలబడి ఉంటుంది. కొంచెం వంకర పడినా సీసా మొత్తం ఎగిరి అవతల పడుతుంది. అంత ఖచ్చితంగా చెప్పే గురువు ఇంకొకటి లేదు. ప్లాస్టిక్ రాసుకుని బ్లేడు మీద సన్న గీతలు పడతాయి, వాటి గురించి బాధపడొద్దు.

తర్వాత తడి చాప. జపాన్‌లో తతామి (ఇళ్లలో నేల మీద వేసే మందపాటి పరుపు) మీద పరిచే ఇగుసా గడ్డి చాపను చుట్టి వాడతారు. ఆ గడ్డి అక్కడ ఎక్కువగా పండేది కుమమోతో ప్రాంతంలోని యత్సుషిరో చుట్టూ. ఇప్పుడు అమెరికాలో దొరికే చాపలు చాలావరకు చైనావి. చాపలకు ముందు తడిపిన వరిగడ్డి కట్టలు వాడేవారు. మన ఊళ్లలో దొరికే అరటి బోదె కూడా మంచిదే, మెత్తగా తెగుతుంది. కాకపోతే దాని రసం ఉక్కు మీద నల్లటి మరక వేస్తుంది, కోసిన వెంటనే తుడవాలి. తుంగచాప వాడాలనుకుంటే నైలాన్ దారంతో నేసినది వద్దు.

ఎండు వెదురు, చీపురు కర్రలు, చెట్టు కొమ్మలు, కొబ్బరికాయలు, రేకు డబ్బాలు, తాడుకు వేలాడదీసినవి, ఎవరైనా చేత్తో పట్టుకున్నవి, విసిరినవి: వీటిలో దేని మీదా వద్దు. వీడియోల్లో చేసేవాళ్లు కత్తి పోయినా పర్వాలేదని చేస్తారు. పచ్చి వెదురు మంచి లక్ష్యమే, కానీ చాపలు రెండు వైపులా తిన్నగా తెగడం మొదలయ్యాకే దాని దగ్గరకు వెళ్లండి.

చాప ఎలా సిద్ధం చేయాలి?

ఒక చాపను అంచు నుంచి గట్టిగా చుట్టి, నాలుగైదు చోట్ల రబ్బరు బ్యాండ్లు గానీ నూలు దారం గానీ కట్టండి. వదులుగా చుడితే లోపల పొరలు జారి, మంచి వేటు కూడా చెడ్డదిలా కనిపిస్తుంది. రాత్రి టబ్బులో ముంచి, పైకి తేలకుండా బరువు పెట్టి, మర్నాటి దాకా ఉంచండి. తీశాక నిలువుగా ఒక గంట నిలబెట్టి నీరు ఓడనివ్వండి. సరిగా తడవని చాప మధ్యలో పొడిగా, గట్టిగా ఉంటుంది. కత్తి అక్కడ ఆగిపోతే తప్పు కత్తిదని అనుకునే ప్రమాదం ఉంది. స్టాండుకు బరువైన పీట, మధ్యలో చెక్క మేకు ఉంటే చాలు. చాప పైభాగం మీ భుజం ఎత్తుకు రావాలి.

ఎక్కడ చేయాలి?

ఆరుబయట, తడి లేని చదునైన నేల మీద. కాళ్లకు గట్టి బూట్లు. చుట్టూ మీ చేయి, కత్తి కలిపిన పొడవుకు రెండింతలు ఖాళీ. చూసేవాళ్లు ఎప్పుడూ మీ వెనక, దూరంగా ఉండాలి. ముందు గానీ పక్కన గానీ ఎవరూ నిలబడకూడదు. పిల్లలు, కుక్కలు పెరట్లోకి రాకుండా తలుపు వేయండి. అపార్ట్‌మెంట్ కామన్ ఏరియాలో, పార్కింగ్‌లో వద్దు. సొంత పెరడే అయినా పక్కింటివాళ్లకు ముందు ఒక మాట చెప్పండి. మందు తాగి ఉన్నా, ఒళ్లు అలసి ఉన్నా ఆ రోజు కత్తి తీయొద్దు. ప్రతి చాపకు మధ్య ఆగి మెకుగి మీద బొటనవేలు పెట్టి చూడండి.

తొలి వేటు ఎలా వేయాలి? గురువు లేకుండా నేర్చుకోవచ్చా?

గురువు దగ్గరే నేర్చుకోండి. 1925లో జపాన్ సైన్యపు తొయామా పాఠశాలలో మొదలైన తొయామా పద్ధతి, దాని నుంచి నకమురా తైజబురో రూపొందించిన నకమురా పద్ధతి వేటుకు పెద్ద పీట వేస్తాయి. అమెరికాలో చాలా చోట్ల వీటి క్లాసులు ఉన్నాయి. కత్తి కొనే డబ్బుతో ముందు ఓక్ చెక్క కత్తి, కొన్ని నెలల ఫీజు కట్టడం ఇంకా మంచి ఖర్చు.

అప్పటిదాకా తెలుసుకోవాల్సింది ఇంత. కుడి చేయి త్సుబా కింద, ఎడమ చేయి పిడి చివర. పట్టు చిటికెన, ఉంగరపు వేళ్లలో ఉండాలి, చూపుడు వేలు తేలికగా ఉండాలి. మొదటి వేటు కుడి భుజం మీద నుంచి ఎడమ నడుము వైపు, 45 డిగ్రీల ఏటవాలుగా. కత్తి ఎడమ వైపు దిగుతుంది కాబట్టి ఎడమ కాలు వెనక ఉండాలి. ఈ ఒక్క నియమం తప్పితే మోకాలు తెగుతుంది. బలం పెట్టి కొట్టకండి. అంచు ఏ దిశలో చూస్తోందో కత్తి ఆ దిశలోనే వెళ్లాలి. దీన్ని హసుజి అంటారు. అది కుదిరితే కత్తి బరువే చాపను కోస్తుంది.

తెగిన ముక్క చూసి కత్తి మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. వేటు వేశాక కత్తి తుడిచి ఒరలో పెట్టి, కింద పడ్డ ముక్కను చేతిలోకి తీసుకోండి.

తెగిన ముఖం అద్దంలా చదునుగా ఉంటే వేటు సరిగా పడింది. లోపలికి గిన్నెలా గుంట పడి ఉంటే కత్తి దారి మధ్యలో మారింది, అంటే మణికట్టు తిరిగింది. మొదటి సగం చదునుగా ఉండి చివర గడ్డి పోచలు పీకినట్టుంటే వేటును మధ్యలో ఆపేశారు, లేదా భయంతో వేగం తగ్గించారు. ముక్క తెగింది గానీ స్టాండు మొత్తం పక్కకు ఒరిగితే కోయడం బదులు కొట్టారు.

ఇవన్నీ మన తప్పులు. కత్తి తప్పు వేరే రకంగా కనిపిస్తుంది. కుడి నుంచి, ఎడమ నుంచి, ఎవరు వేసినా ఒకే తీరుగా పోచలు మిగిలితే, అవి మీరు కాగితం మీద గుర్తుపెట్టుకున్న చోటే తగిలితే, అంచులో ఆ చోట పదును లేదు. ఒక వైపు వేట్లు బాగా పడి రెండో వైపు ఎప్పుడూ గుంటపడితే, ముందు మీ పట్టు చూసుకోండి. ఆ తర్వాత, అంచు రెండు పక్కలా ఒకే వాలుతో సానపెట్టి ఉందా అన్నది చూడండి. వీలైతే అదే రోజు, అలాగే చుట్టిన చాప మీద, గురువు చేత ఆ కత్తితో ఒక వేటు వేయించండి. ఆయన చేతిలో చదునుగా తెగితే కత్తి బాగున్నట్టే.

చేతికి వచ్చే సమాచారం కూడా విలువైనది. మంచి వేటులో పిడికి దాదాపు ఏమీ తెలియదు. జివ్వుమని అదురు వస్తే అంచు వంకరగా తగిలింది. టక్‌మన్న చప్పుడు పిడిలోంచి వస్తే అక్కడితో ఆపి పిడి విప్పండి.

ఒక వేటుకే బ్లేడు వంగింది. కత్తి నాసిరకమా?

కాకపోవచ్చు. హమోన్ ఉన్న కత్తికి మెత్తటి వెన్ను ఉంటుంది. వంకర వేటు పడితే అది విరగకుండా వంగి అలాగే ఉండిపోతుంది. ఆ కత్తి అలా చేయాలనే తయారుచేశారు. స్ప్రింగ్ స్టీలు అయితే తిరిగి వస్తుంది. అలాగని 90 డిగ్రీలు వంచి చూపించే వీడియోలను నమ్మి కొనకండి, అందులో అంచు గురించి ఏమీ తెలియదు. వంగిన కత్తిని మోకాలికి ఆనించి సరిచేయొద్దు. కొద్దిపాటి ఒంపును తెలిసినవాళ్లు చెక్క పనిముట్లతో సరిచేయగలరు.

వాడాక ఎలా శుభ్రం చేయాలి?

తడి చాప రసం నిమిషాల్లోనే మరక వేయడం మొదలుపెడుతుంది. వెన్ను వైపు నుంచి గుడ్డ పట్టుకుని, మొన వైపుకే తుడవండి. తర్వాత ఆల్కహాల్‌తో ఒకసారి, పూర్తిగా ఆరాక పల్చగా నూనె. లవంగం వాసన వేసే జపాన్ చోజి నూనె బాగుంటుంది. కుట్టుమిషన్ నూనె కూడా అంతే పని చేస్తుంది. కొబ్బరినూనె, వంటనూనె వద్దు, జిడ్డు పేరుకుంటుంది. నూనె ఎక్కువైతే ఒరలోకి కారి దుమ్ము పట్టుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న చోట నెలకోసారైనా తీసి చూడాలి.

ఇండియాకి తీసుకెళ్లొచ్చా? అక్కడ ఉంచుకోవడం చట్టబద్ధమేనా?

1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నియమాల్లో కత్తులు, 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉన్న ఇతర పదునైన ఆయుధాలు నియంత్రిత వర్గంలో ఉన్నాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. కటానా ఆ మినహాయింపులోకి రాదు. దిగుమతికి లైసెన్స్ కావాలి, లేకుండా లగేజీలో తెస్తే కస్టమ్స్ పట్టుకుంటుంది. కొనే ముందే మీ పరిధిలోని పోలీసులను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి.

మిగతా దేశాలూ వేరువేరు. బ్రిటన్‌లో 2008 నుంచి 50 సెంటీమీటర్లు, అంతకు మించి పొడవున్న వంపు కత్తుల అమ్మకం, దిగుమతి నిషేధం. సంప్రదాయ పద్ధతిలో చేతితో చేసినవాటికి, ఇంకొన్ని అవసరాలకు మినహాయింపులున్నాయి. జపాన్‌కు మాత్రం ఈ చైనా కటానాలను తీసుకెళ్లకూడదు. అక్కడి 1958 చట్టం ప్రకారం కళాఖండంగా రిజిస్టర్ అయిన కత్తులకే చోటు. అమెరికాలో ఇంట్లో ఉంచుకోవడం చాలా చోట్ల సమస్య కాదు, బయట తీసుకెళ్లే నియమాలు రాష్ట్రానికీ నగరానికీ మారతాయి. కారులో క్లాసుకు వెళ్తుంటే ఒరలో పెట్టి, సంచిలో కట్టి, డిక్కీలో పెట్టండి.

దసరాకి ఆయుధ పూజలో పెట్టొచ్చా?

తప్పకుండా పెట్టండి. పసుపు, కుంకుమ, గంధం బొట్లు మాత్రం ఒర మీద గానీ త్సుబా మీద గానీ పెట్టండి, బ్లేడు మీద వద్దు. తడి పసుపు కింద కార్బన్ స్టీలు ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది. నిమ్మకాయ కోయడానికి వంటింటి కత్తి వాడండి. నిమ్మరసం కటానా అంచు మీద నల్లటి మచ్చ వేస్తుంది. పూజ గదిలో పిల్లలు తిరుగుతుంటే బ్లేడు బయటికి తీయకుండా, ఒరను తాడుతో పిడికి కట్టి ఉంచండి.

ఏ దశలో కత్తిని పక్కన పెట్టేయాలి?

చిన్న పెచ్చు లేస్తే సానపెట్టించుకోవచ్చు. పిడి బీట వేస్తే కొత్త పిడి చేయించవచ్చు. అంచుకు అడ్డంగా, వెంట్రుకలా సన్నటి గీత ఒకటి పైకి పాకుతూ కనిపిస్తే మాత్రం దానితో ఇక వేటు వేయకూడదు. జపాన్‌లో దాన్ని హగిరే అంటారు, ఎంత పేరున్న కత్తికైనా ప్రాణాంతకమైన లోపంగా లెక్కిస్తారు. బలమైన లైటు కింద, భూతద్దంతో, వేటు పడే భాగంలో వెతకండి. గోరు అంచు వెంట కాకుండా బ్లేడు పక్క మీద మెల్లగా జారిస్తే పైపైన పడ్డ గీత గోరుకు తగిలీ తగలనట్టు ఉంటుంది. బీట అయితే రెండు వైపులా ఒకే చోట కనిపిస్తుంది. అలాంటి కత్తిని ఎవరికీ అమ్మకండి, బహుమతిగానూ ఇవ్వకండి. అంచు మొద్దు చేయించి గోడకు పెట్టుకోండి.